తిరిగి రానివాళ్ల లెక్క

"ఇంట్లో ఉన్న మంచం చాలలేదా నీకు?" అన్నాడు భర్త.

ఆమె అప్పుడు అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర మడత మొండికేసింది. ఇంకాస్త నీళ్లు చిలకరించి పెట్టె ఆనించింది. జవాబు చెప్పడానికి తొందరపడలేదు. ఆ ఇంట్లో తనని అడిగే ప్రశ్నలు చాలామటుకు జవాబు కోసం అడిగేవి కావని పెళ్లయిన కొత్తల్లోనే తెలిసిపోయింది. కాసేపు ఊరుకుంటే వాటంతటవే చల్లారిపోతాయి. ఇది మాత్రం చల్లారేలా లేదు.

"వారం రోజులేగా. ఆఫీసు పనే" అంది.

"ఆఫీసు పనైతే ఆఫీసులో చేస్తారు. మొగుడూ ఇల్లూ ఉన్న మనిషి ఖాళీ ఫ్లాట్‌లో ఒక్కతే వెళ్లి పడుకోవడం ఏ ఆఫీసు పనో నాకు తెలీదు. నలుగురూ వింటే ముక్కున వేలేసుకుంటారు."

"నలుగురికీ నేను చెప్పను. మీరూ చెప్పకండి."

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "అయితే నా మాత్రలు ఎవరిస్తారమ్మాయ్?"

"మీ అబ్బాయిస్తారు అత్తయ్యా."

"వాడా!" అందావిడ, ఇంట్లో దొంగలు పడ్డారన్నంత కంగారుగా. కొడుకంటే ఆవిడకి ప్రాణం. మాత్రల దగ్గర మాత్రం నమ్మకం లేదు.

అసలు సంగతేంటంటే, ఆమె పనిచేసే సంస్థ ఆడపిల్లల కోసం ఒక హోమ్ నడుపుతోంది. అమ్మానాన్నలు లేనివాళ్లు, ఉన్నా దగ్గర పెట్టుకోలేనివాళ్ల పిల్లలు అక్కడ పెరుగుతారు. పద్దెనిమిదేళ్లు నిండగానే ఒక కేకు కోయించి, చేతిలో ఒక సూట్‌కేసు పెట్టి, నలుగురూ చప్పట్లు కొట్టి బయటికి పంపించేస్తారు. చట్టం అంతవరకేనట. ఆ తర్వాత ఆ పిల్ల ఎక్కడ పడుకుంటుందో చట్టానికి అక్కర్లేదు. అందుకని సంస్థ ఒక చిన్న ఫ్లాట్ అద్దెకు తీసుకుంది. బయటికొచ్చిన పిల్ల కొన్నాళ్లు అందులో ఉండి, ఉద్యోగం వెతుక్కుని, బిల్లులు కట్టుకోవడం, వండుకోవడం, తలుపేసుకోవడం నేర్చుకుని, ఆ పైన తన దారి తను చూసుకోవాలి. ఖర్చంతా ఒక పెద్ద ఫౌండేషన్ ఇచ్చే గ్రాంటు. ఇచ్చేవాళ్లు ఊరికే ఇవ్వరు కదా, దరఖాస్తు రాయాలి. రాసేది ఆమె. సంతకం పెట్టేది డైరెక్టర్ గారు. గ్రాంటు వచ్చినప్పుడు ఫొటోలో నిలబడేదీ ఆయనే. ఎవరైనా పెద్దవాళ్లొస్తే, "మా టైపింగ్ చూసుకునే మేడం" అని ఆమెని చూపిస్తాడు. ఆమె నవ్వి, టీలు తేవడానికి లేస్తుంది. పిల్లలు మాత్రం ఆమెకి 'దరఖాస్తు మేడం' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరంటే ఆమెకి లోపల్లోపల గర్వం.

ఇప్పుడా ఫ్లాట్ ఖాళీ. వెళ్లిన పిల్ల వెళ్లినట్టే పారిపోయింది. ఒకమ్మాయి, పెళ్లి చేసుకుంటానన్న మొదటివాడిని వెనకా ముందూ చూడకుండా చేసుకుంది. ఇంకొకమ్మాయి, ఆరుగురుండే గదిలో ఏడోదానిగా చేరింది. అందరికంటే చురుకైనది పొడుగుపిల్ల. అది కూడా పట్టుమని పది రోజులుండకుండా, తను పనిచేసే బట్టలు కుట్టే షాపులో, మిగతా పనివాళ్లతో పాటు సామాన్ల గదిలో పడుకుంటోంది. గ్రాంటు గడువు అయిపోవస్తోంది. ఫౌండేషన్ నుంచి ఒకావిడ చూడ్డానికి వస్తోంది. ఖాళీ ఫ్లాట్ కనిపిస్తే ఎవరైనా ఏం చేస్తారు? మూసెయ్యమంటారు. ఈ ఎండాకాలానికి ఇంకో అయిదుగురు పిల్లలకి పద్దెనిమిది నిండుతాయి. వాళ్లకి మిగిలేది ఆ కేకూ, ఆ సూట్‌కేసూ.

"కృతజ్ఞత లేని పిల్లలు మేడం. ఫ్రిజ్జు కూడా కొనిచ్చాం" అన్నాడు డైరెక్టర్ గారు.

ఆమె వాదించలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తూ కుట్టుపని షాపు దగ్గర ఆగింది. పొడుగుపిల్ల కత్తెర పక్కన పెట్టి బయటికొచ్చింది. ఒళ్లంతా దారప్పోగులు.

"భయమేసిందా అక్కడ?"

"లేదు మేడం. తాళం మంచిదే."

"మరి వంట రాకా?"

"వంటకేం, వచ్చు. అల్మారాలో నాలుగు కంచాలు పెట్టారు కదా. ఇంకా ముగ్గురు వస్తారేమో అనుకున్నా. ఎవరూ రాలేదు."

ఆ కంచాలు కొన్నది ఆమే. నాలుగు కొంది, ఎందుకంటే కంచాలు ఎవరైనా నాలుగే కొంటారు. ఒక్క కంచం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహకి రాలేదు. "అయితే ఏం కష్టమైందో చెప్పు తల్లీ, రాసుకుంటాను" అంది.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "చెప్తే అర్థం కాదు మేడం. మీరెప్పుడైనా ఒక్కరే ఉన్నారా?"

ఉన్నానని చెప్పబోయి ఆగిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దిగాల్సిన స్టాపు దాటిపోయే దాకా ఆలోచిస్తూనే ఉంది. పుట్టింట్లో అమ్మమ్మ మంచం. అమ్మమ్మ పోయాక చెల్లెలి పక్కన. పెళ్లయ్యాక ఇదిగో ఈ ఇల్లు. భర్త ఊరెళ్తే అత్తగారుండేది. అత్తగారు ఊరెళ్తే ఆడపడుచు పిల్లలతో దిగేది. పురుడొచ్చినప్పుడు సరేసరి, గది నిండా జనం. ఒకసారి ఒక పూటంతా ఇల్లు ఖాళీగా దొరికింది. ఆ పూటంతా పరుపులు ఎండలో వేసి, అటకలు దులిపింది. నలభై నాలుగేళ్ల మనిషి, ఒక్క రాత్రి కూడా ఒంటరిగా ఒక కప్పు కింద నిద్రపోలేదు. అలాంటి మనిషి కూర్చుని ఫ్లాట్‌కి వచ్చే పిల్లల కోసం 'స్వతంత్రంగా జీవించడం ఎలా' అని పాఠాలు రాసింది! రాయడమే కాదు, తప్పుల్లేకుండా రాశావని తనని తను మెచ్చుకుంది కూడా. ఆమెకి నిజంగా తల కొట్టేసినట్టయింది. ఈత రానివాళ్లు ఒడ్డున నిలబడి ఈత నేర్పించినట్టుంది తమ సంస్థ వ్యవహారం. డైరెక్టర్ గారి సంగతి చెప్పక్కర్లేదు. తల్లి చేతి నుంచి భార్య చేతికి, చెమ్చా కింద పెట్టకుండా వచ్చిన మనిషి ఆయన.

అదీ ఆ వారం రోజుల కథ. డైరెక్టర్ గారు మొదట ససేమిరా అన్నాడు. తర్వాత, ఫౌండేషన్ ఆవిడ వచ్చేటప్పటికి ఇల్లు నలుగురూ తిరిగే ఇల్లులా కనిపిస్తే మంచిదే కదా అని తనకు తోచిన లెక్క వేసుకుని ఒప్పుకున్నాడు.

సోమవారం సాయంత్రం బ్యాగుతో వెళ్లింది. దారిలో కూరగాయల కొట్టు ముందు నిలబడి ఏం కొనాలో తోచలేదు. భర్తకి వంకాయ పడదు. అత్తగారికి దుంపలు పడవు. హాస్టల్ నుంచి వచ్చే కూతురు ఆకుపచ్చగా ఏది కనిపించినా మొహం తిప్పుకుంటుంది. ఎవరికీ పడనివన్నీ తీసేయగా మిగిలినవే ఇన్నేళ్లూ ఆమె ఇష్టాలు. "ఏం కావాలమ్మా?" అని కొట్టతను రెండోసారి అడిగితే, కంగారులో గుడ్లూ టమాటాలూ పట్టుకొచ్చింది. చెయ్యి అలవాటు కొద్దీ ఇంటిల్లిపాదికీ సరిపడా వండింది. తిన్నాక మిగిలినదాన్ని చూస్తే ఏడుపొచ్చింది. తలుపు గడియ లేచి లేచి చూసుకుంది. ఫోన్ మోగితే ప్రాణం లేచొచ్చింది. భర్త.

"అమ్మకి తెల్ల మాత్ర ముందా, పచ్చది ముందా?"

"తెల్లది. తిన్నాక పచ్చది."

"సరే" అని పెట్టేశాడు. ఎలా ఉన్నావని అడగలేదు. ఆమె కూడా అడుగుతాడని అనుకోలేదు, అడిగితే బాగుండునని మాత్రం అనుకుంది.

ఆమె భయపడింది రాత్రికి. తీరా చూస్తే కష్టమంతా సాయంత్రం ఆరింటికి. ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసి లోపలికి అడుగు పెడితే, ఆ ఇల్లు ఏమీ అనదు. వచ్చావా అనే దిక్కు లేదు. తన ఇంట్లోనూ ఎవరూ వచ్చావా అనరు, 'టీ పెట్టు' అంటారు. అయినా అదీ ఒక పలకరింపే అనిపించింది ఆ గడపలో నిలబడితే. హోమ్‌లో పిల్లలు ఆలస్యంగా వస్తే ఆయా తిట్టేది. ముప్ఫైమంది మధ్య పెరిగిన పిల్లకి, ఆలస్యంగా వచ్చినా తిట్టే మనిషి లేని ఇల్లంటే ఎలా ఉంటుంది? రాకపోయినా ఎవరికీ తెలీదు. మంగళవారం ఆమె చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగి బస్ స్టాపు దాకా నడిచింది. ఇంటికి వెళ్లే బస్సు వచ్చింది. ఎక్కలేదు, కానీ అది వెళ్లిపోయే దాకా చూస్తూ నిలబడింది.

బుధవారం ఏదో మారింది. పొద్దున కుర్చీ మీద పడేసిన తడి తువ్వాలు సాయంత్రానికి కూడా కుర్చీ మీదే ఉంది. 'ఇదేంటి ఇక్కడ?' అని ఎవరూ అనలేదు. ఆమెకి నవ్వొచ్చింది. దాన్ని అక్కడే ఉంచింది, కావాలనే. ఆకలేస్తేనే వండింది. గురువారం వండనే లేదు, రొట్టె తిని కిటికీ దగ్గర కూర్చుని కింద రోడ్డు మీద జనాన్ని చూసింది. ఎవరి గురించీ ఆలోచించకుండా అంతసేపు కూర్చోవడం ఎప్పుడూ ఎరగదు. ఫోన్ వస్తూనే ఉంది. నీళ్ల మోటారు స్విచ్ ఏది, చక్కెర ఏ డబ్బాలో ఉంది, పనమ్మాయి రాలేదు ఏం చెయ్యమంటావ్. చెప్పింది. చివరిదానికి మాత్రం, "మీకేం తోస్తే అది చెయ్యండి" అంది.  పాపం, అతనికేం తోచాలి?

మరి నాకు బాగున్నదే వాళ్లకెందుకు పడలేదు? శుక్రవారం దరఖాస్తు ముందు పెట్టుకుని అదే ఆలోచించింది. ఆమెకి జవాబు దొరికింది మంగళవారం ఎక్కని ఆ బస్సు దగ్గర. ఎక్కడానికి ఆమెకి బస్సుంది. ఎక్కితే తీసే తలుపుంది, ఎంత చిర్రుబుర్రులాడినా తీస్తుంది. ఉందని తెలుసు కాబట్టి ఎక్కకుండా ఉండగలిగింది. ఆ పిల్లలకి లేనిది అదే. చప్పట్లు కొట్టి పంపించాక హోమ్ వాళ్లకి గేటు తియ్యదు. పొడుగుపిల్ల ఒక ఆదివారం చిన్నపిల్లల్ని చూడ్డానికి వస్తే, వాచ్‌మన్ గేటు బయటే నిలబెట్టి మాట్లాడించాడు. ఎందుకంటే గ్రాంటు కాగితాల్లో విజయానికి కొలత అదే. బయటికి వెళ్లి, తిరిగి రానివాళ్లు ఎంతమంది? తిరిగి రాకపోతే గెలిచినట్టు. ఆదివారం పూట చిన్నదాని జడ వెయ్యడానికి వచ్చినా ఓడినట్టే. ఏటేటా ఆ లెక్క డైరెక్టర్ గారు చెప్తే ఆమె అందంగా వాక్యం చేసి రాస్తూనే ఉంది.

ఈసారి రాయలేదు. కొత్తగా రాసింది. పిల్లలు ఒక్కొక్కరు కాదు, ఇద్దరిద్దరు కలిసి ఫ్లాట్‌కి రావాలి. హోమ్‌లో వాళ్ల కోసం ఒక గది ఎప్పటికీ ఉంచాలి, ఎప్పుడొచ్చినా గేటు తియ్యాలి. ఆ గదికీ గ్రాంటు కావాలి.

డైరెక్టర్ గారు చదివి కళ్లజోడు తీశాడు. "తిరిగి రానివాళ్ల లెక్క ఏది మేడం?"

"తీసేశాను సర్."

"అదే గెలుపని మనమే రాసి, ఇప్పుడు మనమే కాదంటే డబ్బెవరిస్తారు?"

"మా అమ్మాయి హాస్టల్లో చదువుతోంది సర్. ఆదివారం వచ్చిందంటే మాసిన బట్టల మూటతో దిగుతుంది. తిని, పడుకుని, నా మీద అరిచి వెళ్తుంది. అది ఫెయిలైపోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు."

"మీ అమ్మాయికి ఇల్లుంది కదండీ!"

"నేను రాసిందీ అదే సర్."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. చివరికి, కాగితం సంగతి తర్వాత చూద్దాం, రేపు ఆవిడ వచ్చినప్పుడు మాత్రం పొడుగుపిల్లని ఒక గంట ఫ్లాట్‌లో కూర్చోపెట్టండి, చేతిలో ఏదైనా పుస్తకం పెట్టండి అన్నాడు. "అబద్ధం ఎందుకు అవుతుంది? ఉందిగా కొన్నాళ్లు."

శనివారం పొడుగుపిల్ల వచ్చింది. పుస్తకం తలకిందులుగా పట్టుకుని, "ఇలా బాగుందా మేడం?" అని నవ్వింది. "మీ కోసమైతే ఏమైనా చెప్తా." ఆమె పుస్తకం సరిగ్గా తిప్పి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది. ఈ పిల్లలకి ఎవరికి ఏం కావాలో అది చెప్పడం బాగా అలవాటు. ఇంతకాలం తనకీ అదే అలవాటు.

ఫౌండేషన్ ఆవిడ పెద్ద హడావిడి మనిషి కాదు. చెప్పులు గుమ్మంలో విప్పి, గది గదీ తిరిగి, కుళాయి తిప్పి చూసింది. డైరెక్టర్ గారు వెనకే తిరుగుతూ ఫ్రిజ్జు తలుపు తెరిచి మరీ చూపించాడు. సరిగ్గా అప్పుడే, వారం అయిపోయింది కదా అని ఆమెని తీసుకెళ్లడానికి భర్త వచ్చాడు. గుమ్మంలో బిక్కమొహం వేసుకుని నిలబడితే, ఆవిడ అతన్ని కూడా సంస్థ మనిషే అనుకుని, "రండి, కూర్చోండి" అంది. అతను కూర్చున్నాడు.

"ఎలా ఉందమ్మా ఇక్కడ నీకు?" అని పొడుగుపిల్లని అడిగింది.

"చాలా బాగుంది మేడం. నా కాళ్ల మీద నేను..."

"ఆ అమ్మాయి ఇక్కడ ఉండట్లేదండీ" అంది ఆమె.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. డైరెక్టర్ గారి మొహం పాలిపోయింది. ఫౌండేషన్ ఆవిడ మంచం మీద దుప్పటి వైపు, కుర్చీ మీద తువ్వాలు వైపు చూసింది. "మరి ఇవి?"

"నావండీ. వచ్చిన పిల్లలెవరూ ఉండలేకపోయారు. ఎందుకో తెలుసుకుందామని ఈ వారమంతా నేనున్నాను."

"మా టైపింగ్ చూసుకునే..." అని మొదలుపెట్టాడు డైరెక్టర్ గారు.

"దరఖాస్తులు రాసేది నేనేనండీ" అంది ఆమె. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. అని, గేటు సంగతి, కొలత సంగతి, పొడుగుపిల్ల గేటు బయట నిలబడ్డ సంగతి అన్నీ చెప్పింది. చెప్తుంటే పొడుగుపిల్ల పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

ఆవిడ శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది. "మీకు కూడా ఇంటికి పారిపోవాలనిపించిందా?"

భర్త తల ఎత్తాడు. అవునంటే అందరికీ హాయి. రాసిన దరఖాస్తుకి బలం. భర్తకి నలుగురిలో మర్యాద. డైరెక్టర్ గారికి ఊపిరి. ఆ 'అవును' నాలుక చివరి దాకా వచ్చింది కూడా. తను మాత్రం ఇంకోసారి ఎవరికి ఏం కావాలో అది చెప్పినట్టవుతుంది, అంతే.

"మొదటి రెండు రోజులూ అనిపించిందండీ. తర్వాత లేదు. నిజం చెప్పాలంటే ఇప్పుడు కూడా అనిపించట్లేదు." ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "నాకు వెళ్లడానికి ఒక ఇల్లుంది. అందుకే ఇక్కడ హాయిగా ఉండగలిగాను. వీళ్లకి అది లేదు. వెనక తలుపు మూసేసి, ముందుకు నడవమంటే ఎవరు నడుస్తారండీ?"

 పొడుగుపిల్ల మెల్లగా, "ఆదివారాలు రానిస్తే ఉంటాను మేడం. హోమ్‌లో ఉన్న చిన్నీతో కలిసి వస్తాను. దానికి వచ్చే వారం పద్దెనిమిది" అంది.

ఫౌండేషన్ ఆవిడ లేచింది. "ఆ కొలత మేం అడిగింది కాదు, మీరు రాసి పంపిందే. అందరూ అలాగే రాస్తున్నారని మేమూ దాన్నే పట్టుకున్నాం. కొత్తది పంపండి, నేను దగ్గరుండి చూసుకుంటాను. ఈ ఇల్లు మూతపడదు." గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ డైరెక్టర్ గారితో అంది: "సంతకం ఈసారి ఆవిడ చేత పెట్టించండి." డైరెక్టర్ గారు అలాగేనని తలూపి, ఆవిడని కారు దాకా దింపడానికి కిందికి పరిగెత్తాడు. పొడుగుపిల్ల ఆమెని ఒక్కసారి గట్టిగా కావలించుకుని, చిన్నీకి చెప్పాలని వెళ్లిపోయింది. ఒంటి మీది దారప్పోగులు ఆమె చీరకి అంటుకున్నాయి.

భర్తా ఆమే మిగిలారు. అతను కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నలుగురి ముందూ అలా అనాలా?"

"అడిగారు, చెప్పాను. మీరెప్పుడైనా అడిగితే మీకూ చెప్పేదాన్ని."

 కోపం వచ్చిందో, సిగ్గేసిందో అతనికే తెలిసినట్టు లేదు. లేచి, మూలనున్న ఆమె బ్యాగు చేతిలోకి తీసుకున్నాడు. అందులో ఏమీ లేదు, తేలిగ్గా ఊగింది. బట్టలింకా తీగ మీదే ఆరుతున్నాయి.

"సర్దుకోలేదా? పద మరి, అమ్మ ఎదురుచూస్తోంది."

"చిన్నీకి పద్దెనిమిది నిండి, పిల్లలిద్దరూ వచ్చేది వచ్చే శనివారం. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను."

"ఇంకా ఎందుకు?" అన్నాడు అర్థంకాక. "పనైపోయిందిగా!"

ఆమె అతని చేతిలోంచి బ్యాగు తీసుకుని మళ్లీ మూలన పెట్టింది.

"పనైపోయింది కాబట్టే ఉంటున్నాను" అంది.